చేతికి తగిన యంత్రము

యంత్రమును నిర్మించువాడొకడు, దానితో కాలము గడుపువాడు వేరొకడు. కంప్యూటరు మన యింటికి వచ్చునప్పటికే దాని తెర వెలుగు, అక్షరముల పరిమాణము, కీబోర్డుపై ఒక మీటను నొక్కిపట్టినచో అక్షరము మరల మరల పడుటకు ముందు పట్టు వ్యవధి, చేతి కదలికకు మౌసు బాణము పరుగెత్తు వేగము, ఇవన్నియు ఎక్కడనో చల్లని గదిలో కూర్చుండి ఆంగ్లమున టైపు చేయు ఒకానొక సగటు మనుష్యుని మనస్సున నుంచుకొని ఎవరో నిర్ణయించియుందురు. ఆ సగటు మనుష్యుడు ఏప్రిలు మాసపు ఎండలో కర్నూలు వీధికి తెరచిన తలుపు ప్రక్కన కూర్చుండడు; దుమ్ము పట్టిన కీబోర్డుపై ఒత్తు కొరకు పొల్లును వెదకికొనడు; కడప బండ పరచిన బల్లమీద మౌసు త్రిప్పడు. వేరుశెనగ విత్తుటకు ముందు నేల పదును చూచి గొర్రును సరిచేసికొనని రైతు ఈ సీమలో కానరాడు గాని, కంప్యూటరు నెట్లు వచ్చినదట్లే వాడుకొని కన్ను, మణికట్టు నొప్పిపుట్టించుకొనువారు వేలకు వేలు.

సరిచేసికొనుటకు మార్గములు రెండు. మొదటిది అందరెరిగినదే: సెట్టింగ్స్ కిటికీని తెరచి, అందలి గుర్తులను మౌసుతో అటునిటు జరుపుట. రెండవది టెర్మినల్ అను పలకపై ఒక పంక్తి టైపు చేసి ఎంటరు నొక్కుట. రెండవదే వృద్ధము. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన యునిక్సు సంప్రదాయము యంత్రముతోడి వ్యవహారమంతయు వ్రాతమూలముగా జరుపుటను నేర్పెను. 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఎక్స్ విండో వ్యవస్థ జనించి తెరపైకి కిటికీలు వచ్చిన పిమ్మటను ఆ సంప్రదాయము నశింపక, ఆ తెరను, ఆ మీటలను, ఆ మౌసును సైతము మాటతోనే దిద్దు చిన్న చిన్న కమాండులను కనెను. వానిలో నొకటి ఎక్స్‌సెట్. 'ఎక్స్‌సెట్ క్యూ' అని వ్రాసినచో అది దేనిని మార్పదు. మీటల పునరావృత్తి, మౌసు వేగము, తెర ఎంతసేపటికి చీకటిపడును అను సంగతుల ప్రస్తుత స్థితిని మాత్రము నివేదించును. నేర్పరియగువాడు మొదట దీనినే వ్రాసి, పాత అంకెలను ఒక కాగితముపై ఎక్కించుకొని, పిదపనే మార్పునకు పూనుకొనును.

తెలుగువానికి అన్నింటికంటె ముఖ్యము కీబోర్డు. 'సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్' అను కమాండునకు ఆంగ్లమును, భారతీయ విభాగమునందలి తెలుగును జంటగా చెప్పి, ఆల్ట్ షిఫ్టు మీటలు కలిపి నొక్కినచో ఒకదానినుండి మరియొకదానికి మారునట్లు ఒక్క పంక్తిలో ఆజ్ఞాపింపవచ్చును. అప్పుడు చేతికందునది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. 1991 నాటి భారత ప్రమాణమున చోటుచేసికొన్నది. దానియందు అచ్చుల గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును. 'కడప' అని వ్రాయుటకు కె, దాని పై వరుసలోని చదరపు కుండలి, హెచ్ అను మూడు మీటలు చాలును, మూడును కుడిచేతివే. 'కర్నూలు' అట్లు కాదు: కె, జె నొక్కి, డి మీటపైనున్న పొల్లు నొక్కి, పిదప వి, టి, ఎన్, జి. చేతులు రెండును పని చేయవలెను, నడుమ పొల్లు తప్పరాదు. ఇంత శ్రమ వలదనువారికి అదే కమాండున 'కగప' అను మరియొక భేదమున్నది. అది ఉచ్చారణ ననుసరించు అమరిక. దాని పేరు కన్నడ గణక పరిషత్తునుండి వచ్చినది. ఆదోని, మంత్రాలయము ప్రాంతములందు కన్నడమును తెలుగును ఒక్క అంగడిలో వినుటకు అలవాటుపడినవారికి, పొరుగువారి అమరిక మన అక్షరములకు ఒదుగుట వింతగా తోచదు.

అమరిక కుదిరిన పిదప వేగము సంగతి. క్రొత్తగా నేర్చుకొనువాని వ్రేలు మీటపై నిలిచియుండును, ఎంత నొక్కవలెనో దానికింకను తెలియదు. వ్యవధి తక్కువయైనచో 'ప' వ్రాయబోయి 'పపప' వ్రాయును. అది చెరిపివేయుట సులభమే. పొల్లు రెండుమార్లు పడినచో మాత్రము రెండవదానికి ఆధారమగు హల్లు లేక అక్షరము విచ్చిపోయి చుక్కల వలయ మొకటి ప్రత్యక్షమగును. ఏమి జరిగినదో తెలియక పసివాడు పదమంతయు చెరిపివేయును. 'ఎక్స్‌సెట్ ఆర్ రేట్ 700 15' అనినచో మీటను 700 మిల్లీసెకన్లు నొక్కిపట్టినగాని పునరావృత్తి మొదలుకాదు, మొదలైన పిదపను సెకనుకు పదునైదు అక్షరములే పడును. చేయి తిరిగినవాడు ఇదే పంక్తిలో 250, 40 అని వ్రాసికొనును. గ్నోమ్ అను డెస్కుటాపు తెరలయందు ఈ పనియే చేయు జీసెట్టింగ్స్ అను కమాండుతో ఒక చిక్కున్నది. అందలి రెండవ అంకె సెకనుకు ఎన్ని అక్షరములో చెప్పదు, ఒక అక్షరమునకు మరియొకదానికి నడుమ ఎన్ని మిల్లీసెకన్లో చెప్పును. ఒకచోట అంకె పెరిగినకొలది వేగము హెచ్చును, మరియొకచోట తగ్గును. రెండును ఒకే సంప్రదాయమువారు చేసినవే. అయినను ఒకరి నొకరు సంప్రదించినట్లు కానరాదు.

దుమ్ము పట్టిన మీట ఒక్కమారు నొక్కిన రెండుమార్లు పలుకు రోగమునకు పై మందు పనిచేయదు. అందులకు గ్నోమ్ నందు 'బౌన్స్ కీస్' అను సౌకర్యమున్నది. ఒకే మీట క్షణవ్యవధిలో రెండవమారు పలికినచో దానిని లెక్కచేయవద్దని యంత్రమునకు చెప్పును. మహాప్రాణముల కొరకు షిఫ్టును ఒకవ్రేలితో పట్టుకొని వేరొక వ్రేలితో అక్షరము నొక్కజాలని వృద్ధులకు 'స్టికీ కీస్' గలవు. ఇట్టివానిని వికలాంగుల సౌకర్యములని ఒక మూలకు నెట్టుట నాకు నచ్చదు. కీళ్లు అందరికిని ముదురును.

మౌసు విషయము స్వల్పమే. ఎక్స్‌సెట్ కు త్వరణమును, హద్దును అను రెండంకెలు ఇచ్చినచో, చేయి ఆ హద్దు దాటి వేగముగా కదలినప్పుడు మాత్రమే బాణము అన్ని రెట్లు పరుగెత్తును. నేటి లిబ్‌ఇన్‌పుట్ చోదకము గల యంత్రములలో ఈ మాట చెల్లదు. ఎక్స్‌ఇన్‌పుట్ తో ఋణ ఒకటి మొదలు ధన ఒకటి వరకు ఒక సంఖ్య నీయవలెను. ఎడమచేతివాటమువారికి 'ఎక్స్‌మోడ్‌మ్యాప్' తో మీటలను 3 2 1 అని తలక్రిందులు చేయవచ్చును. అయితే అద్దమువలె మెరుగుపెట్టిన నల్లని కడప బండమీద మౌసు బాణము ఎగిరెగిరిపడుచున్నచో ఏ కమాండును వ్రాయవలదు. మౌసు అడుగున ఒక పాత కాగితము పరచిన చాలును. ఏది మాటతో కుదురును, ఏది కుదురదు అను వివేకము కూడ ఈ విద్యలో భాగమే.

తెర విషయమున ఈ వివేకము మరింత అవసరము. ఎక్స్‌రాండ్ఆర్ అను కమాండు ఏయే తెరలు తగిలించియున్నవో, ఏది ఎన్ని చుక్కల వెడల్పున వెలుగుచున్నదో చెప్పును. తెరను నిలువుగా త్రిప్పును. ప్రొజెక్టరునకు తగిన కొలతకు దించును. దానియందు వెలుగును తగ్గించు మాటయు నొకటి గలదు. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీపై నడచు సాయంకాలమున అనేకులు దీనిని 0.5 అని వ్రాసి, సగము విద్యుత్తు మిగిలినదని సంతసింతురు. మిగులదు. అది చుక్కల రంగును నల్లబరచునే గాని, తెర వెనుకనున్న దీపమును తగ్గింపదు. దీపమును తగ్గించుటకు బ్రైట్‌నెస్‌సీటీఎల్ వంటి కమాండులు వేరుగా గలవు. ఎండ వెలుగులో అక్షరము కానరానప్పుడు దీపము పెంచుటయు, జీసెట్టింగ్స్ తో అక్షర పరిమాణమును 1.25 రెట్లు చేయుటయు మేలు. ఒత్తులు, గుడులు క్రిందుమీదుల క్రిక్కిరిసిన మన లిపికి ఆ పావు పెంపు ఎంతయో ఊరట.

ఇంతకును బొమ్మలతో సాధ్యమగుదానిని మాటలతో చేయనేల? పులివెందులనుండి ఒక తమ్ముడు ఫోనుచేసి "అన్నా, మౌసు చేతికి చిక్కల్యా, ఉరుకుతాండాది" అనినప్పుడు, ఏ బొమ్మ నొక్కవలెనో, అది తన తెరపై ఏ మూలనున్నదో వివరించుటకు అరగంట పట్టును. ఒక పంక్తిని సందేశముగా పంపుటకు నిమిషము చాలును. వ్రాసినదానికి ప్రతి యెత్తవచ్చును. కడపలో బ్రౌన్ దొర పండితులను, లేఖకులను కూర్చుండబెట్టి తాళపత్ర గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించినది ఈ సత్యమెరిగియే. పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను చేర్చుకొని ల్యాప్‌టాప్ చేతికిచ్చి చదివించుటకు 2008లో వెలసిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వంటిచోట, లేక కర్నూలు చెంత జగన్నాథగట్టుపైనున్న విద్యాసంస్థలో, ఒక ప్రయోగశాలయందు అరువది యంత్రములున్నవనుకొందము. అన్నింటికిని తెలుగు అమరిక నొసగవలెనన్నచో సెట్టింగ్స్ కిటికీ నరువదిమార్లు తెరచుట ఒక దినము పని. ఒక ఫైలున నాలుగు పంక్తులు వ్రాసి, ఆ ఫైలును అన్ని యంత్రములకు పంపుట భోజనవిరామమునకు ముందే ముగియును. యంత్రము ఆపివేసినచో ఎక్స్‌సెట్ మాటలు మాసిపోవును గనుక, వానిని లాగిన్ సమయమున నడచు ఎక్స్‌ప్రొఫైల్ ఫైలున నుంచవలెను. జీసెట్టింగ్స్ మాటలు మాత్రము వానంతట అవియే నిలుచును.

ఈ సంప్రదాయమునకు వార్ధక్యము రాలేదని చెప్పజాలను. ఎక్స్ స్థానమును వేలాండ్ అను క్రొత్త వ్యవస్థ ఆక్రమించుచున్న ఈ దినములలో ఎక్స్‌సెట్, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ పెక్కు యంత్రములందు మాట చెల్లని పెద్దలైనవి. ఒక్కొక్క డెస్కుటాపు తన కమాండులను తానే తయారుచేసికొనుచున్నది. నేర్చినదానిని మరల నేర్వవలసివచ్చుట విసుగే. అయినను పద్ధతి మారలేదు: ముందు ప్రస్తుత స్థితి నడుగుట, ఒక్కదానినే మార్చుట, తిరుగు మార్గమును సిద్ధముగా నుంచుకొనుట. తెర కొలతను మార్చువాడు తప్పు సంఖ్య వ్రాసినచో తెర నల్లబడును, సరిదిద్దుటకు ఏమియు కానరాదు. అందుచేత అనుభవశాలి మార్పునకు ముందే, ఇరువది సెకన్లు నిద్రించి పిదప ఎక్స్‌రాండ్ఆర్ తో తెరను యథాస్థితికి తెమ్మను మాటను వెనుకపాటున నడువనిచ్చి, ఆ తరువాతనే క్రొత్త కొలత వ్రాయును. కుదిరినచో ఇరువది సెకన్లలోపల ఆ మాటను రద్దుచేయును. కుదరనిచో చేతులు కట్టుకొని కూర్చుండును, తెర తనంతట తానే తిరిగివచ్చును.