కన్యాశుల్కంలో రెండు మారువేషాలు

కన్యాశుల్కం నాటకంలో ఇద్దరు వేషం మారుస్తారు. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం ఆడపిల్ల వేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లు ఇంటికి పెళ్ళికూతురిగా వెళ్తాడు. చివర్లో వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. మొదటి వేషం కథను మెలిపెడుతుంది, రెండోది ఆ మెలిక విప్పుతుంది. సంస్కర్తనని చెప్పుకునే గిరీశం మాటల హోరులో ఈ రెంటినీ కథ నడిపే ఉపాయాలుగా మాత్రమే చూసి దాటిపోతాం. గురజాడ అప్పారావు పనితనమంతా ఆ రెండు చోట్ల పోగుపడి ఉందని నా నమ్మకం. మగపిల్లవాడు చీర కట్టగానే సరుకవుతాడు. వేశ్య మగబట్టలు వేసుకోగానే మాట చెల్లే మనిషవుతుంది. ఆడదాని శరీరం మీద జరిగే వ్యాపారంలో ఎవరికి ధర కడతారు, ఎవరు కడతారు, ఎవరు తప్పించుకుపోతారు అన్న లెక్కను ఇంత పొందికగా తేల్చిన తెలుగు రచన నాకు మరొకటి కనిపించలేదు.

నేనుండేది మస్కట్‌లోని ఖురంలో. సముద్రపు ఒడ్డున షాతి అల్ ఖురంలో పెద్ద విల్లాలు, 2011లో తెరిచిన రాయల్ ఒపేరా హౌస్ ఉన్నాయి. ఈ నగరంలో ఇళ్ళలోపల వండిపెట్టి, పిల్లల్ని సాకే ఆడవాళ్ళలో గోదావరి జిల్లాలవాళ్ళూ కడపవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళు ఖద్దామాలంటారు. ఏజెంటు ఎంత పుచ్చుకున్నాడు, యజమాని (కఫీల్) ఎంత పెట్టి తెచ్చుకున్నాడు అన్న మాటలు ఇక్కడ మామూలు మాటలు. అవి చెవిన పడే చోట కూర్చుని చదివితే కన్యాశుల్కం ఎప్పుడో పోయిన దురాచారం మీద రాసిన నాటకంలా అనిపించదు.

ఈ నాటకాన్ని 1892 ఆగస్టులో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి, ఇప్పుడు మనం చదువుకునే రూపమిచ్చారు. తొలి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక జాబితా సంగతి ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల లెక్క తీయించారు. మూడేళ్ళకు తేలినవి 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకు సైతం బేరాలు కుదిరేవని కూడా అందులో ఉంది.

ఇంత ఘోరమైన లెక్క చేతిలో ఉన్న రచయిత ఏడిపించే నాటకం రాయడం తేలిక. అయిదేళ్ళ పిల్లను పీటల మీద కూర్చోబెట్టి, పక్కన ముసలివాణ్ణి పెట్టి, తల్లిచేత శోకాలు పెట్టిస్తే చాలు. గురజాడ ఆ దారి పట్టలేదు. అగ్నిహోత్రావధాన్లు లుబ్ధావధాన్లకు అమ్మదలచిన తన చిన్న కూతురు సుబ్బి చుట్టూ కథంతా తిరుగుతుంది, కానీ సుబ్బికి చెప్పుకోదగ్గ సంభాషణ లేదు. ఎవరి గురించి బేరం జరుగుతోందో ఆ పిల్లకు ఆ బేరంలో నోరు లేదు. తల్లి వెంకమ్మకు నోరుంది కానీ మాట చెల్లదు, అందుకే ఆమె బావిలో దూకుతుంది. ఈ మౌనాన్ని రచయిత ఎక్కడా వివరించడు. పాత్రలకు మాటలు పంచిన తీరులోనే అది తెలిసిపోతుంది.

సుబ్బి కూర్చోవలసిన పీట మీద గురజాడ ఒక మగపిల్లవాణ్ణి కూర్చోబెట్టాడు. మేనకోడలు సుబ్బిని కాపాడుకోవడానికి కరటకశాస్త్రి మహేశానికి చీర కట్టి, తన కూతురని చెప్పి లుబ్ధావధాన్లకు అమ్ముతాడు. ఇక్కడ పనితనాన్ని దగ్గరగా చూడాలి. పిల్లవాడు మారలేదు. అదే ఒళ్ళు, అదే గొంతు, అదే చదువు. చీర ఒక్కటే కొత్తగా వచ్చింది. ఆ చీరతో అతనికి ధర వచ్చింది, బేరగాళ్ళు వచ్చారు, ముహూర్తం వచ్చింది. పెళ్ళి అయ్యాక చీర విప్పి పంచె కట్టుకుని వాకిట్లోంచి వెళ్ళిపోతాడు, అడ్డగించేవాడు లేడు. ఊరంతా వెతికేది మాయమైన పెళ్ళికూతురి కోసం. లుబ్ధావధాన్లే ఆమెను చంపాడన్న నింద కోర్టుదాకా పోతుంది. మహేశం తప్పించుకున్న దారి సుబ్బికి లేదు, ఎందుకంటే విప్పేస్తే పోయే వేషం కాదు ఆమెది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే ఆ రోజుల్లో, రంగస్థలపు అలవాటునే తన వాదానికి సాక్ష్యంగా మలుచుకోవడం గొప్ప నాటకకర్తకే సాధ్యం.

దీనికి ఇంకో పొర ఉంది. మహేశం ఈ పనికి ఊరికే ఒప్పుకోడు. పని నెగ్గితే తన కూతుర్నిచ్చి ఇల్లరికం పెట్టుకుంటానని గురువు మాటిస్తాడు. అంటే ఒక ఆడపిల్లను అమ్మకం నుంచి తప్పించడానికి వాడుకున్న మగపిల్లవాడికి కూలి మరో ఆడపిల్ల. ఆమెను అడిగినవాళ్ళు లేరు. మంచి పని తలపెట్టిన కరటకశాస్త్రి చేతిలో కూడా ఆడపిల్ల నాణెంగానే చెల్లుబాటు అవుతుంది. గురజాడ దీన్ని రెండు మాటల్లో పెట్టి ముందుకు సాగిపోతాడు. చదివేవాడు ఆగి చూసుకోవాలి.

ఇక ఈ నాటకంలోని ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఎదురెదురుగా పెట్టి చూడండి. చిన్నప్పుడే ముండమోసిన సుబ్బి అక్క బుచ్చమ్మ పుట్టింట్లో చాకిరీ చేస్తుంది. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి కూడా విధవే. ఆశ చూపి, ఊళ్ళో వ్యవహారాలు నడిపే రామప్పపంతులు ఆమెను వాడుకుంటాడు, బరువు మీద పడేసరికి మొహం చాటేస్తాడు. పూటకూళ్ళమ్మ పదిమందికి వండిపెట్టి బతికే విధవ. ఆమె అన్నం తిని, ఆమె డబ్బుతో గిరీశం దర్జా వెలగబెడతాడు. ఈ స్త్రీలలో వేశ్య అని పేరున్నది మధురవాణికి ఒక్కదానికే. కానీ మగవాడి సుఖానికీ లాభానికీ ఖర్చవుతున్నది అందరూ. తేడా ఒక్కటే. మధురవాణి లెక్క పైకి కనిపిస్తుంది, మిగతావాళ్ళ లెక్క పెళ్ళి, వైధవ్యం, ప్రేమ అన్న పేర్ల కింద దాగి ఉంటుంది. మగవాళ్ళలో ఏ ఒక్కడికీ ఈ వ్యాపారం వల్ల పేరు పోదు. అవధాన్లు అవధాన్లే, పంతులు పంతులే.

దీన్ని కళ్ళకు కట్టించే దృశ్యం మధురవాణి ఇంట్లో మంచం సన్నివేశం. గిరీశం వచ్చేసరికి రామప్పపంతులు మంచం కింద దూరతాడు. చీపురుకట్టతో పూటకూళ్ళమ్మ వచ్చేసరికి గిరీశమూ అక్కడికే చేరతాడు. ఒకడు వ్యవహారజ్ఞుడు, ఒకడు సంస్కర్త, ఇద్దరూ ఒకే మంచం కింద. పైన నిటారుగా నిలబడ్డది ఇద్దరు ఆడవాళ్ళు, ఒక విధవ, ఒక వేశ్య. నవ్వు ఆగాక గానీ ఆ అమరిక ఎంత ఆలోచించి చేసిందో తట్టదు.

1909 కూర్పులో మధురవాణి పాత్ర బాగా పెరిగింది. నాటకానికి వెన్నెముక ఆమే అయింది. ఆమె నేర్పు బేరంలో తెలుస్తుంది. రామప్పపంతులు తనను ఉంచుకున్నానని మురుస్తున్నంత సేపూ ఆమె అతని జమాఖర్చు చదువుతూనే ఉంటుంది. పెళ్ళికూతురి మెడలో వేయడానికి తన కంటెను ఎరువిస్తుంది. ఆ పెళ్ళికూతురు ఎవరో ఆమెకు ముందే తెలుసు. కంటె తెచ్చి ఇస్తేనే గడప తొక్కమని పంతుల్ని నిలేస్తుంది. ఒక్క నగతో కథలోని ముడులన్నీ బిగుస్తాయి. ఇతరులు తనకు కట్టిన ధరను ఆమె తన చేతి ఆయుధంగా తిప్పుకుంటుంది. గురజాడ ఆమెను దేవతను చేయలేదు, పతితను చేసి ఏడిపించలేదు. తన వృత్తిలోని నష్టం ఆమెకు తెలుసు. తెలిసి, ఉన్న చోటునుంచే చేయగలిగింది చేస్తుంది. ఆమెకు తెలివితేటలున్నాయి కాబట్టి దోపిడీ లేదని రచయిత అనడు, దోపిడీ ఉంది కాబట్టి ఆమెకు తెలివి లేదనీ అనడు. ఈ రెండు తప్పుల మధ్య నుంచి పాత్రను నడిపించడమే ఈ నాటకంలో అన్నిటికంటే కష్టమైన పని.

రెండో మారువేషం ఇక్కడినుంచే పుడుతుంది. సౌజన్యారావు పంతులు నిజంగా మంచివాడు, కన్యాశుల్కానికి శత్రువు. వేశ్యల ఆటపాటలను వ్యతిరేకించిన యాంటీ నాచ్ ఉద్యమం బలంగా ఉన్న కాలపు మనిషి కనుక వేశ్యతో మాట్లాడడు. ఆ ఉద్యమం వేశ్యను వెలివేసింది గానీ, ఆమె ఇంటికి వెళ్ళిన పెద్దమనుషుల్ని అదే కొలతతో కొలవలేదు. లుబ్ధావధాన్లను కాపాడే సాక్ష్యం మధురవాణి దగ్గర ఉంది. ఆడదానిగా వెళ్తే గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. మగవేషంలో వెళ్ళింది, కుర్చీ దొరికింది, గౌరవం దొరికింది, మాట చెల్లింది. సాక్ష్యానికి ఫీజుగా ఒక ముద్దు అడుగుతుంది. పంతులు తన వ్రతానికీ ఒక మనిషి ప్రాణానికీ మధ్య నలుగుతాడు. తీరా ఇవ్వబోయేసరికి ఆమే వెనక్కి తగ్గుతుంది, అతణ్ణి చెరపడం తనకు ఇష్టం లేక. బుచ్చమ్మను లేవదీసుకొచ్చిన గిరీశం బండారం బయటపడి, ఆమె అతని చేతిలోంచి తప్పుతుంది. పంతులు మధురవాణికి భగవద్గీత ఇస్తాడు.

చాలామంది ఈ ఘట్టాన్ని వేశ్యకు జ్ఞానోదయంగా చదువుతారు. నేను తిరగేసి చదువుతాను. పాఠం నేర్చుకున్నది పంతులు. తను ముట్టనన్న మనిషి తనకంటే ఎక్కువ నిగ్రహం చూపింది. ఆమె మాట వినడానికి అతనికి ఒక మగవేషం అవసరమైంది. చీరలో ఉన్న మగపిల్లవాడికి ధర కట్టిన లోకమే మగబట్టల్లో ఉన్న స్త్రీకి కుర్చీ వేసింది. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాటకం కట్టుబడి అర్థమవుతుంది.

ఈ కొలబద్ద మన చట్టాలకూ పనికొస్తుంది. 1956లో దేశం చేసిన వ్యభిచార నిరోధక చట్టం మొదటి పేరులోనే స్త్రీలు, బాలికలు ఉండేవారు. వ్యభిచారంలోకి దించబడ్డ మగపిల్లలు, హిజ్రాలు 1986 సవరణ దాకా ఆ చట్టం కంటికి ఆనలేదు. ఆ చట్టం 8వ సెక్షన్ ఈనాటికీ ఒక తేడా పాటిస్తోంది. దారిలో విటుల్ని పిలిచిన నేరానికి మొదటిసారి శిక్ష ఆరు నెలల దాకా ఉండవచ్చు. అదే నేరం చేసినవాడు మగవాడైతే మూడు నెలలకు మించదు. 2022 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ లావు నాగేశ్వరరావు ధర్మాసనం, సెక్స్ వర్కర్లు కూడా గౌరవంగా బతకడానికి హక్కున్న మనుషులేనని చెప్పి, పోలీసులు వాళ్ళతో ఎలా మెలగాలో ఆదేశాలిచ్చింది. సౌజన్యారావు గుమ్మం ముందు మధురవాణికి దక్కనిది అదే.

గల్ఫ్ దేశాలకూ ఈ కథకూ బంధం దూరపుది కాదు. 1991లో హైదరాబాద్ పాతబస్తీ పిల్ల అమీనాను అరవై ఏళ్ళ సౌదీ వ్యక్తి భార్యగా తీసుకుపోతుంటే, విమానంలో ఎయిర్ హోస్టెస్ గమనించబట్టి ఆ పిల్ల బయటపడింది. 2017లో పదహారేళ్ళ హైదరాబాద్ పిల్లను 65 ఏళ్ళ ఒమనీకి కట్టబెట్టి మస్కట్ తీసుకుపోయారని తల్లి పోలీసుల దగ్గరకు వెళ్ళింది. అయిదు లక్షలు చేతులు మారాయని అప్పటి వార్తలు. ఆ సెప్టెంబరులోనే కాంట్రాక్టు పెళ్ళిళ్ళ కోసం వచ్చిన ఒమన్, ఖతార్ దేశస్థుల్ని, పెళ్ళిళ్ళు చేయించిన ఖాజీలతో సహా హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. మతం మారింది, ఊరు మారింది. శుల్కం, దళారి, ముసలి పెళ్ళికొడుకు, నోరులేని పిల్ల అలాగే ఉన్నారు.

పనికోసం వచ్చే స్త్రీల సంగతి వేరు, అయినా అక్కడా ఇదే తేడా. వలస తనిఖీ తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు పనికొచ్చే ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. మగవాళ్ళకు అది లేదు. కాపాడదామనే పెట్టిన ఆ నియమాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసాల దారి పట్టారు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2015లో ఒమన్‌లో 59 మంది ఇంటిపని స్త్రీలతో మాట్లాడి, మరుసటి ఏడాది నివేదిక వెలువరించింది. పాస్‌పోర్టు గుంజుకోవడం, జీతం ఎగ్గొట్టడం, లైంగిక హింస అందులో ఉన్నాయి. దేశపు కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళను లెక్కలోకి తీసుకోలేదనీ అందులో రాశారు. ఎండలో రోడ్డు వేసే మగవాడి కష్టం చిన్నది కాదు. కానీ అతని చుట్టూ పదిమంది ఉంటారు, కార్మిక చట్టంలో అతనికో పేరుంది. తలుపు వెనక ఉన్న ఆడదానికి ఆ నివేదిక నాటికి ఆ రెండూ లేవు.

కన్యాశుల్కాన్ని మనం పాఠ్యపుస్తకంలో పెట్టాం, 1955లో సినిమాగా చూశాం, గిరీశం మాటల్ని సామెతలు చేసుకున్నాం. మస్కట్‌లో తెలుగువాళ్ళు పండగలకు వేదికలెక్కుతూనే ఉంటారు. ఈసారి ఈ నాటకం నుంచి ఈ రెండు వేషాల ఘట్టాలు ఎంచుకుని ఆడండి. ఆడేముందు రెండు కూర్పులూ, ఆ ముందుమాటా చదవండి. ఆ ప్రదర్శనకు ఖద్దామాలుగా పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్ళను పిలవండి. సెలవు దొరకనివాళ్ళు ఎవరో, పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్ళు ఎవరో అప్పుడు మీకే తెలుస్తుంది. అల్ ఖువైర్‌లోని మన రాయబార కార్యాలయం ఖురానికి దగ్గర్లోనే ఉంది. వాళ్ళను అక్కడికి వెంటబెట్టుకు వెళ్ళండి.