ఓర్పుతో పెరిగే తోలు

సున్తీలో పోయిన ముందు తోలు కత్తి పెట్టకుండా మళ్ళీ వస్తుందా? మా బొల్లాపల్లి రచ్చబండ మీద ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఆచారంగా చేయించుకున్నవాళ్ళున్నారు, తోలు బిగుసుకుపోయి డాక్టరు చెబితే చేయించుకున్నవాళ్ళున్నారు. చాలామందికి దానితో ఏ ఇబ్బందీ లేదు. పోయిందే అని కుమిలే కొద్దిమంది మాత్రం ఆ సంగతి భార్యతోనైనా చెప్పుకోలేరు. ఈ వారం నా మాట వాళ్ళ కోసమే.

ఆ తోలు మళ్ళీ తెచ్చుకోవాలన్న కోరిక తప్పూ కాదు, కొత్తదీ కాదు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ దీనికి శస్త్రచికిత్స రాసిపెట్టాడు. సున్నతి పొందినవాడు దాన్ని పోగొట్టుకోవద్దని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో చెప్పాడంటే, ఆ ప్రయత్నం చేసేవాళ్ళు ఆనాడే ఉన్నారన్నమాట. కోత లేని పద్ధతుల మీద అమెరికాలో జిమ్ బిగెలో 1992లో ఏకంగా పుస్తకమే తెచ్చాడు.

బరువైన కమ్మలు పెట్టుకున్న నాయనమ్మల చెవి తమ్మెలు ఏళ్ళ తరబడి సాగడం మనం చూసిందే. సన్నని లాగుడు విడవకుండా ఉంటే చర్మం సాగడంతో ఆగదు, కొత్త కణాలు పుట్టి పెరుగుతుంది కూడా. 1957లో న్యూమన్ అనే సర్జన్ చర్మం కింద బెలూను పెట్టి, మెల్లగా ఉబ్బించి, దెబ్బతిన్న చెవిని బాగుచేయడానికి కావలసిన చర్మాన్ని అలాగే పెంచాడు.

ఇక్కడా అదే పని. మిగిలిన తోలును చేత్తో మెత్తగా ముందుకు లాగి కాసేపు పట్టుకోవడం, రోజుకు కొన్నిసార్లు. కొందరు మెడికల్ టేపు, చిన్న పరికరాలు వాడతారు. నెలలు కాదు, ఏళ్ళు పడుతుంది. వచ్చేది కప్పు మాత్రమే. కోతలో పోయిన ప్రత్యేకమైన నరాల కొసలు తిరిగి రావు. స్పర్శ మెరుగైందని చాలామంది చెబుతారు గానీ, దానిమీద వైద్య పరిశోధన తక్కువ.

ఈ సాధనలో నాకు గౌరవం కలిగించేది ఓర్పు. తొందరపడి బరువులు వేలాడదీస్తే చర్మం చిట్లుతుంది. నొప్పి పుట్టినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే ఆపాలి. షుగరున్నవాళ్ళు యూరాలజిస్టును అడగకుండా మొదలుపెట్టకూడదు. మీ దగ్గరికొచ్చి ఎవరైనా ఈ మాట ఎత్తితే నవ్వకండి. కూర్చోబెట్టి వినండి, మంచి డాక్టరు దగ్గరికి దారి చూపండి.