రెండు కీళ్లను కలిపే గీత

స్విట్జర్లాండ్‌లో షీర్స్ ఊరికి పైన, సాల్గినా వాగు లోయ మీద 1930లో పూర్తయిన కాంక్రీటు వంతెన ఒకటుంది. కట్టింది ఇంజనీరు రాబర్ట్ మయ్యార్. కమాను పొడవు 90 మీటర్లు, ఎత్తు సుమారు 13. రెండు గట్ల దగ్గరా చెరో కీలు, నడినెత్తిన మూడోది.

ఇలాంటి కమాను మీద లారీ ఆగితే గట్లు ఎంత బలంతో, ఏ దిక్కుగా ఎదురు తోస్తాయి? ఒక్కో గట్టు దగ్గర రెండేసి చొప్పున తెలియని రాశులు నాలుగు. సమతాస్థితి సమీకరణాలు మూడే. నడి కీలు దగ్గర మొమెంట్ సున్నా కాబట్టి నాలుగో సమీకరణం దొరుకుతుందని కాలేజీలో చెబుతారు. ఆ దారి తప్పేమీ కాదు. కానీ దానికంటే పాతదీ, నా లెక్కన అందమైనదీ ఇంకొకటుంది. దానికి స్కేలు, పెన్సిలు చాలు.

ఒక వస్తువుకు రెండే చోట్ల బలాలు తగులుతూ అది కదలకుండా ఉందంటే, ఆ బలాలు రెండూ సమానంగా, ఎదురెదురుగా, ఆ రెండు చోట్లనూ కలిపే గీత మీదే ఉండాలి. గీత తప్పితే వస్తువు తిరిగిపోతుంది. దీన్నే టూ-ఫోర్స్ మెంబర్ అంటాం. వస్తువు తిన్నగా ఉందా, వంకరగా ఉందా అన్నదానితో పని లేదు. చాలామంది విద్యార్థులు బోల్తాపడేది ఇక్కడే. కమాను వంగి ఉంది కదా అని బలాన్ని కూడా వంపు వెంబడి గీసేస్తారు.

ఇప్పుడు బొమ్మ గీద్దాం. కమాను సొంత బరువు కాసేపు పక్కన పెట్టి, ఎడమ కీలు నుంచి 22.5 మీటర్ల దగ్గర 12 టన్నుల లారీని నిలబెడదాం. కుడి సగం మీద ఏ బరువూ లేదు. దానికి బలం తగిలేది గట్టు కీలు దగ్గర, నడి కీలు దగ్గర, అంతే. వంపు తిరిగి ఉన్నా అది టూ-ఫోర్స్ మెంబరే. అంటే కుడి గట్టు తోపు నేరుగా నడి కీలు వైపే ఉంటుంది. ఒక్క అంకె వేయకుండానే దిక్కు తెలిసిపోయింది! ఆ గీతను నడి కీలు దాటించి ఇంకా పొడిగిస్తే, లారీ బరువు దిగే నిలువు గీతను 19.5 మీటర్ల ఎత్తున కలుస్తుంది. అది వంతెన పైన, గాలిలో ఉన్న బిందువు. సమాంతరం కాని మూడు బలాలు సమతూకంలో ఉండాలంటే ఒకే బిందువులో కలవాలి. కాబట్టి ఎడమ గట్టు తోపు కూడా అటే గురిపెడుతుంది.

ఇక 12 టన్నులను స్కేలు ప్రకారం నిలువుగా గీసి, రెండు కొసల నుంచీ ఆ దిక్కులకు సమాంతరంగా గీతలు లాగితే త్రిభుజం మూసుకుంటుంది. కొలిస్తే ఎడమ 13.7 టన్నులు, కుడి 10.8. లెక్కవేసి సరిచూసినా అంతే. నిలువు వాటాలు 9, 3 టన్నులు. అడ్డ తోపు రెండు వైపులా దాదాపు 10.4.

ఆ అడ్డ తోపును సాల్గినా దగ్గర కొండ భరిస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర 1997లో తెరిచిన గోదావరి కమానుల రైలు వంతెనలో అలా కాదు. అక్కడ కమాను రెండు కొసలనూ కింది దూలమే వింటి నారిలా పట్టి ఉంచుతుంది, స్తంభాల మీద అడ్డ తోపు పడదు.

సొంత బరువునూ కలుపుకోవాలంటే ఒక చిన్న ఉపాయం చాలు. ఎడమ సగం బరువుకు ఒకసారి, కుడి సగం బరువుకు ఇంకోసారి గీసి, రెండు ఫలితాలనూ కలిపేయడమే. ప్రతిసారీ బరువు లేని సగం టూ-ఫోర్స్ మెంబర్ అవుతుంది.

ఈ విద్యకు పెద్ద వంశమే ఉంది. 1586లో స్టెవిన్ బలాల త్రిభుజం చూపాడు. 1725లో అచ్చయిన వారిన్యోఁ గ్రంథం దాన్ని ముందుకు తీసుకెళ్లింది. జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో కార్ల్ కుల్మాన్ 1866లో దీన్ని పూర్తి శాస్త్రంగా పుస్తకరూపంలో నిలబెట్టాడు. ఐఫిల్ టవర్‌కు 1884లో తొలి బొమ్మ గీసిన మోరిస్ కెక్లాఁ ఆయన శిష్యుడే. కుల్మాన్ తర్వాత ఆ పీఠమెక్కిన విల్హెల్మ్ రిట్టర్ దగ్గర మయ్యార్ చదువుకున్నాడు.

సమీకరణాలు జవాబు చెప్పి ఊరుకుంటాయి. గీత మాత్రం బలం నడిచే దారి చూపిస్తుంది. ఆ దారికీ కమానుకూ నడుమ నిలువు ఎడాన్ని అడ్డ తోపుతో గుణిస్తే, కమానును వంచే మొమెంట్ వస్తుంది. మన ఉదాహరణలో కమానును పారాబోలా అనుకుంటే, కుడి సగం మధ్యలో బలం గీత కమానుకు 3.25 మీటర్ల కింద నుంచి పోతుంది. అంటే దాదాపు 34 టన్ను-మీటర్లు. కీళ్ల దగ్గర ఎడం లేదు, మొమెంట్ కూడా లేదు.

1901లో మయ్యార్ కట్టిన త్సువోట్స్ వంతెనకు గట్ల పక్కనున్న గోడల్లో పగుళ్లొచ్చాయి. 1905లో తవనాసా దగ్గర ఆ భాగాన్నే కోసేశాడు. తవనాసా వంతెనను 1927లో కొండచరియలు కొట్టుకుపోయినా, ఆ ఆకారాన్ని ఆయన వదల్లేదు. సాల్గినా కమానూ అలాంటిదే. కీళ్ల దగ్గర పలచన, సరిగ్గా పావు దూరాల దగ్గర, అంటే మన గీత కమానును వదిలి బాగా దూరంగా పోయే చోట, మందం ఎక్కువ.