ఫేస్‌బుక్, మార్కులు: ఒక అధ్యయనం పునఃపరిశీలన

సామాజిక మాధ్యమాల వల్ల పిల్లల మార్కులు తగ్గుతాయని ‘పరిశోధనల్లో తేలింది’ అన్న మాట తరచు వింటాం. ఏ పరిశోధనలో, ఎలా తేలిందని అడిగేవారు అరుదు. అటువంటి ప్రచారానికి ఊతమిచ్చిన ఒక అధ్యయనాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

2009 ఏప్రిల్‌లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆరిన్ కార్పిన్‌స్కీ 219 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనాన్ని ఒక సదస్సులో సమర్పించారు. ఫేస్‌బుక్ వాడేవారి జీపీఏ 3.0–3.5 మధ్య, వాడనివారిది 3.5–4.0 మధ్య ఉందన్నది ఫలితం. ఇది కార్యకారణ సంబంధాన్ని నిరూపించదని ఆమే చెప్పినా, పత్రికలు ఫేస్‌బుక్కే దోషి అన్నట్టు రాశాయి. హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి ఖాతాను ఆ వార్త చూపించే మూయించాను. అంత బలహీనమైన ఆధారంతో ఏ రోగికీ మందు మార్చి ఉండను.

లోపం ఎక్కడుంది? ఆ నమూనాలో డిగ్రీ విద్యార్థులూ, పైచదువుల వారూ కలిసి ఉన్నారు. పైచదువుల వారిలో ఫేస్‌బుక్ వాడకం తక్కువ. వారి జీపీఏలు సాధారణంగా ఎక్కువ. అంటే తేడాలో కొంత భాగం ఫేస్‌బుక్‌తో నిమిత్తం లేకుండానే వచ్చి ఉండవచ్చు. కొద్ది వారాలకే జాష్ పాసెక్ బృందం మూడు వేర్వేరు నమూనాలను పరిశీలించి, అటువంటి బలమైన సంబంధమేదీ కనిపించలేదని ప్రకటించింది.

అలాగని ఫేస్‌బుక్ నిర్దోషి కాదు. 2004లో హార్వర్డ్‌లో మొదలైన ఫేస్‌బుక్ ఒక్కో కాలేజీకి ఒక్కో సమయంలో చేరింది. బ్రాగియెరి, లెవీ, మకారిన్ 2022లో ప్రచురించిన వ్యాసంలో ఈ తేడానే ఆధారం చేసుకున్నారు. ఎప్పుడు చేరిందన్నది ఏ ఒక్క విద్యార్థి ఇష్టాన్ని బట్టీ జరిగింది కాదు గనుక, ఈ పోలికకు బలం ఎక్కువ. ఫేస్‌బుక్ వచ్చిన చోట కుంగుబాటు లక్షణాలు పెరిగాయి. మానసిక అస్వస్థత వల్ల చదువు దెబ్బతిన్నదని చెప్పినవారూ పెరిగారు. తమను ఇతరులతో పోల్చుకొని చిన్నబుచ్చుకోవడం ఇందుకు ప్రధాన కారణం కావచ్చని వారి వాదన.

దీనికీ పరిమితులున్నాయి. ఇవి విద్యార్థులు స్వయంగా చెప్పిన సమాధానాలే గాని, మార్కుల పట్టికలు కావు. నాటి ఫేస్‌బుక్ నేటి రీల్స్ వంటిదీ కాదు. అయినా ఈ అధ్యయనం మన ప్రశ్నను మారుస్తుంది: ఎన్ని గంటలు చూశావన్న దానికన్నా ముందు, మనసెలా ఉందని అడగాలి.

ఖాతా మూయించాక కూడా మా అమ్మాయి మార్కులు పెరగలేదు. ఊరు మారి, పాత స్నేహాలు తెగి ఆమె కుంగిపోతోందని గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది. ఆ స్నేహితులతో మిగిలిన ఒక్క దారినీ నేనే మూసివేశాను.