డిమెన్షియాకు తిండీ నడకా మందులేనా?

వయసు మళ్ళినవారిలో జ్ఞాపకం, ఆలోచన, దినచర్య చేసుకొనే శక్తి క్రమంగా క్షీణించే స్థితిని డిమెన్షియా అంటారు. తగిన ఆహారమూ వ్యాయామమూ ఉంటే ఇది నయమవుతుందనే మాట తరచు వినబడుతున్నది. ఇందులో నిజమెంత?

ఈ మాటకు ఆధారంగా చూపేది ఫిన్లండు దేశపు ‘ఫింగర్’ పరిశోధన. 2015లో వెలువడిన దీనిలో 60–77 ఏండ్లవారు 1,260 మంది పాల్గొన్నారు. ఆహారం, వ్యాయామం, మెదడుకు అభ్యాసం, రక్తపోటు వంటివాటిపై అదుపు—ఈ నాలుగింటిని రెండేండ్లు అమలు జరుపగా మానసికశక్తి పరీక్షలలో కొంత మెరుగు కనిపించినది. అయితే వారు రోగులు కారు. రోగం రాగల అవకాశం హెచ్చుగా ఉన్నవారు. పైగా నాలుగూ కలిపి చేసినందువల్ల ఫలితంలో ఆహారం వంతు ఎంతో విడదీసి చెప్పలేము.

రోగులపై ఇంగ్లండులో జరిపిన ‘డాపా’ పరిశోధన 2018లో వెలువడినది. 494 మందిలో కొందరిచేత నాలుగు నెలలు గట్టి వ్యాయామం చేయించినారు. దేహదారుఢ్యం పెరిగినది, మతి క్షీణించడం మాత్రం ఆగలేదు.

అంతమాత్రాన వ్యాయామం వ్యర్థమనరాదు. పునరావాసమంటే పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేవడం కాదు. మిగిలిన శక్తితో మనిషి తన పనులు తాను చేసుకొనేటట్లు చూడడం. ఆహారం సంగతీ అంతే. ఈ రోగులు బరువు తగ్గిపోవడం సామాన్యం. కనుక పథ్యాల పేరుతో తిండి తగ్గించరాదనీ, లోపం లేనప్పుడు మతికోసం విటమిను మాత్రలు అనవసరమనీ ఐరోపా పోషణ వైద్యుల సంఘం 2015లో సూచించినది.

గుంతకల్లు వంటి మెట్టసీమలో ఫిన్లండువారి చేపలను వెదకనక్కరలేదు. రాగి సంగటి, కొర్రన్నం, పప్పు, ఆకుకూర ఉన్నవే. మ్రింగడం కష్టమైనవారికి వేరుశనగ గింజలు పెట్టరాదు, గొంతుకు అడ్డుపడగలవు. వృద్ధులకు దాహం సరిగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గితే తికమక హెచ్చుతుంది. కనుక ఎండాకాలంలో అడిగేదాకా ఆగక నీళ్ళు, మజ్జిగ అందించాలి. నడక చల్లని వేళ, ఒకరి తోడుతో జరగాలి.

నయమవుతుందని ఆశపెట్టడంవల్ల కలిగే నష్టం డబ్బుతో పోదు. జ్ఞాపకం తిరిగి రానప్పుడు ఇంటివారు తమనే నిందించుకొంటారు, లేదా విసిగి నడిపించడమే మానుకొంటారు. ఎవరిపై పరీక్షించినారు, ఏమి కొలిచినారు అనే రెండు ప్రశ్నలు విద్యార్థులకు అలవడితే ఈ భ్రమ తొలగుతుంది. ఇంట్లో అవ్వ ఎన్ని పేర్లు గుర్తు పట్టినదని కాక, నేడు ఎంత తిన్నది, ఎంత నడిచినది, ఈ నెల బరువు నిలిచినదా అని చూడడమే సరియైన కొలత.