తొంకులంటే ఏంది సార్?

పోయిన వారం గద్వాల జిల్లా గట్టు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. నాలుగో తరగతిలో పాఠం అయిపోయి ప్రశ్నలు, జవాబులు నడుస్తున్నాయి. పిల్లలు టకటకా చెప్పేస్తున్నారు. ఒక్క జవాబూ తప్పు పోలేదు. నాకు మాత్రం ఏదో వెలితిగా అనిపించింది. ప్రశ్న చెవిన పడగానే అందులోని మాట పాఠంలో ఎక్కడుందో వెతుకుతున్నారు. దొరకగానే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివేస్తున్నారు. టీచరు అనుమతి తీసుకుని బోర్డు మీద ఒక వాక్యం రాశాను: ‘చింబురు తెల్లవారగానే పలుముడు గట్టు మీద రెండు తొంకులను గుబికింది.’

గుబికింది ఎవరు? చింబురు. ఎప్పుడు? తెల్లవారగానే. ఎక్కడ? పలుముడు గట్టు మీద. ఎన్ని? రెండు తొంకులను. నాలుగుకు నాలుగు మార్కులు!

ఆ వాక్యానికి అర్థమే లేదు. ‘మీద’, ‘ను’, ‘గానే’ ఉంటే చాలు, మిగతా మాటలు ఏవైనా జవాబు దొరుకుతుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న భాష కనుక ఈ కట్టుబాటు పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. అది వాళ్ల తెలివే, అనుమానం లేదు. కానీ మనం దానికే అవగాహన అని పేరు పెట్టి మార్కులు వేస్తున్నాం. అంతలో గోడవార కూర్చున్న ఒక పాప చెయ్యెత్తింది. ‘సార్, తొంకులంటే ఏంది?’

ఆ ప్రశ్న విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చదవడమంటే ఆ పాప చేసిన పనే.

చదువు మీద పరిశోధన చేసేవాళ్లకు గాఫ్, టన్మర్ 1986లో చెప్పిన సూత్రం ఒకటి బాగా తెలుసు. రాత చూసి మాటను పోల్చుకోవడం ఒకటి, ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలగడం ఇంకొకటి. చదివి అర్థం చేసుకోవడం ఈ రెండింటి గుణకారం. కూడిక అయితే ఒకటి లేకపోయినా ఎంతో కొంత మిగిలేది. గుణకారంలో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. మన లిపిలో మొదటి పనికే చాలా ఏళ్లు పడుతుంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే రూపాలు వందల్లోకి పోతాయి. కన్నడ పిల్లలను పరిశీలించిన సొనాలి నాగ్, నాలుగైదు తరగతుల దాకా అక్షరాలు నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందని చూపించారు. తెలుగు లిపి కన్నడ లిపికి తోబుట్టువే. అందుకే 2022 ఆగస్టులో తెలంగాణ బడుల్లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం అక్షరాల దగ్గర, పదాల దగ్గర నిలిచి సాయం చేయడం సరైన పనే అంటాను. నా బెంగంతా ఆ గుణకారంలోని రెండో అంకె, మాటలను అర్థం చేసుకోవడం గురించే.

చాలా ఏళ్ల కిందటి మాట ఒకటి చెప్పాలి. కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఒక ఊరి బడిలో ఏడో తరగతి సైన్సు పాఠం, పరాగసంపర్కం. ఒక పిల్లవాడు పేరా చదవలేక నిలబడిపోయాడు. నెలకు పైగా బడికి రాలేదని టీచరు చెప్పారు. ఎక్కడికి పోయావంటే ‘క్రాసింగుకు’ అన్నాడు. గద్వాల వైపు వాళ్లకు వివరించనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. సంకర పత్తి విత్తనం చేత్తో తయారయ్యేది. విచ్చుకోబోయే ఆడ వరుస మొగ్గల్లోంచి సాయంత్రంపూట కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి, వాటి పుప్పొడి ఈ పూల కీలాగ్రాలకు అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇదే పని, వారాల తరబడి. చిన్న చేతులకు ఈ పని బాగా వస్తుందని ఆ చేతులనే బడి మాన్పించి పొలానికి తీసుకుపోయారు.

ముందు రోజే మొగ్గ ఎందుకు గిల్లాలని అడిగాను. అంతసేపు తల దించుకుని నిలబడ్డ పిల్లవాడు గలగలా మాట్లాడాడు. ‘పొద్దుగాల్ల పువ్వు ఇచ్చుకుంటది సార్. అప్పటిదాంక గిల్లకుంటే దాని పొడి దానికే తగుల్తది. కాయ కడ్తది గానీ అది సీడుకు పనికిరాదు. ఆర్గనైజర్ తీస్కోడు.’ ఆత్మపరాగసంపర్కం, పరపరాగసంపర్కం, ఆ రెంటికీ తేడా, ఆ తేడా ఖరీదు, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత అదే పేరా ఇద్దరం కలిసి చదివాం. ఒక్కో పెద్ద మాట దగ్గర ఆగి, ఇది నువ్వు చేసిన ఏ పని అని అడిగాను. అన్నింటికీ చెప్పాడు.

ఆ పిల్లవాడు నేర్చిన దానికి వెలగా ఒక నెల చదువు పోయింది. ఆ లెక్క ఎవరూ మరిచిపోకూడదు. అయినా వాడికి తెలిసినదాన్ని తెలియనట్టు చూసిన తరగతిది అంతకంటే పెద్ద తప్పు. అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 1988లో బేస్‌బాల్ ఆట మీద రాసిన కథనాన్ని పిల్లలతో చదివించారు. చదవడంలో వెనకబడ్డా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. నడిగడ్డలో ఆటకు బదులు పత్తి, అంతే తేడా.

ఇక్కడికి వచ్చాక ఎవరైనా అనే మాట ఒకటుంది. అయితే పాఠాలన్నీ మన ఊళ్ల మీదే రాద్దాం, గద్వాల పిల్లలకు పత్తి, అమ్రాబాద్ చెంచు పిల్లలకు నల్లమల అడవి అని. ఈ కాలమ్ మొదటి నుంచి చదివేవాళ్లు నేనూ అదే అంటానని ఎదురుచూస్తుంటారు. నేను ఒప్పుకోను. తెలిసిన సంగతి మీద రాసిన పాఠం పిల్లలు సగం చదవకుండానే చెప్పేస్తారు. ధైర్యం కోసం మొదట అది కావాలి. కానీ కృష్ణకూ తుంగభద్రకూ మధ్య పుట్టి సముద్రం చూడని పిల్లకు సముద్రాన్ని చూపించగలిగేది పుస్తకమే. పేదవాళ్ల పిల్లలకు పొలం పాఠాలు, కలవాళ్ల పిల్లలకు ప్రపంచ పాఠాలు అనే విభజనకు మంచి మనసుతో కూడా మనం సాయపడకూడదు.

తెలిసిన బతుకు ఆసరాతో తెలియని లోకాన్ని చదవడానికి ఈ నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. 1896లో అలంపురం ప్రాంతంలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాయడానికి ఆయన పాత కావ్యాలను ఎలా చదివారో చూడండి. పండితులు అలంకారం దగ్గర ఆగితే ఆయన తిండి దగ్గర, బట్ట దగ్గర, పిల్లల ఆటల దగ్గర ఆగారు. నిఘంటువు ‘ఒక ఆట’ అని చెప్పి వదిలేస్తే ఆయన వదల్లేదు, ఆ ఆట ఏమిటని జనాన్ని అడిగారు. ఊరి బతుకు ఆయనకు తెలుసు కనుకే ఆ కావ్యాలు అలా తెరుచుకున్నాయి. కానీ ఆయన చదివింది తన ఊరి గురించి కాదు, శతాబ్దాల అవతలి మనుషుల గురించి. 1955లో తెలుగుకు దక్కిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానిదే.

గట్టులో చెయ్యెత్తిన పాప అడిగిందీ అలాంటి ప్రశ్నే. అలా అడగాలంటే ముందు తెలియని మాటలు చెవిన పడాలి. 2011 జనగణనలో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత యాభై శాతం దగ్గరే ఆగింది. పడుకునే ముందు పుస్తకం చదివి వినిపించేవాళ్లు చాలా ఇళ్లలో లేరు. పుస్తకాల తెలుగు వినబడే చోటు బడి ఒక్కటే. చిన్న తరగతుల్లో పిల్లలు చదివి గ్రహించేదానికంటే విని గ్రహించేది ఎక్కువ. కాబట్టి నాలుగో తరగతికి ఆరో తరగతి స్థాయి కథ నిస్సంకోచంగా చదివి వినిపించవచ్చు. మధ్యలో ఆపి తర్వాత ఏమైతది, ఎందుకట్ల అనుకుంటున్నవు అని అడగాలి. జవాబు వాళ్ల యాసలోనే రానివ్వాలి, అక్కడ దిద్దితే రేపు నోరు విప్పరు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇస్తున్న రెండు భాషల పుస్తకాల్లో తెలుగు పేజీని దాటేయకుండా ముందు దాన్నే చదవాలి.

దీనికి రోజూ అరగంట చాలు, కొత్త పథకం అక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రధానోపాధ్యాయులు వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఆ అరగంట టైంటేబుల్‌లో ఎక్కడ పెట్టాలో తేల్చండి. నా పాత పాట మళ్లీ పాడుతున్నాను: పుస్తకాల బీరువాకు తాళం తీయండి. నడిగడ్డ బడుల్లో మాత్రం క్రాసింగు నుంచి పిల్లలు తిరిగొచ్చే వారం నుంచే ఆ చదివి వినిపించడం మొదలుపెట్టండి.