పరస్పర క్రియాత్మక కళలు – సహృదయుని స్థానము

ప్రేక్షకుడు చేయి కదపనిదే, అడుగు వేయనిదే, మీట నొక్కనిదే పూర్తి కాని కళాకృతులు గడచిన అరువది సంవత్సరములకు పైగా పాశ్చాత్య దేశములందు వెలువడుచు, నేడు లోకమంతటను ప్రదర్శనశాలలలో స్థానము సంపాదించుకొన్నవి. కంప్యూటరు ఆధారముగా నిర్మింపబడునవి డిజిటల్ కృతులనియు, ప్రేక్షకుని చర్యకు బదులిచ్చునవి ఇంటరాక్టివ్ కృతులనియు వ్యవహారము. ఈ రెండవ వర్గమును మేము 'పరస్పర క్రియాత్మక కళ' యని పేర్కొందుము. సాహిత్యశాఖలకు ఈ విషయముతో పని యేమి యని కొందఱు శంకింపవచ్చును. ఈ కృతులలో పెక్కింటికి అక్షరము, వాక్యము, కథ అనునవియే ముడిసరుకు. చదువుట యను వ్యాపారమునే అవి పరీక్షకు పెట్టుచున్నవి. కావున అవి మన శాస్త్రపరిధిలోనివే.

మా వద్ద పరిశోధన చేయుచున్న విద్యార్థి యొకరు ఈ కళలపై తమ ఆలోచనలను ఇటీవల ఒక పత్రముగా సమర్పించిరి. అందలి వాదమును మూడు ప్రతిపాదనలుగా సంగ్రహింపవచ్చును. ప్రాచీన కావ్యపాఠకుడు నిష్క్రియుడనునది మొదటిది. పరస్పర క్రియాత్మక కళయందు ప్రేక్షకుడు సహకర్త యగుననునది రెండవది. కావున ఈ కళ పూర్వకళలకంటె ప్రజాస్వామికమును ఉన్నతమును అనునది మూడవది. పత్రము శ్రద్ధతో వ్రాయబడినది. ఇట్టి యభిప్రాయము వారొక్కరిదే కాదు. ఈ కళను మెచ్చువారు తఱచుగా పలుకు మాటయే యిది. అందుచేత దీనిని నిలిపి పరీక్షించుట యుక్తము. మొదటి ప్రతిపాదన సరి కాదనియు, రెండవది కొన్ని కృతులయందు మాత్రమే, అదియును పరిమితముగ, సత్యమనియు, మూడవది రెండవదానినుండి సిద్ధింపదనియు మా యభిప్రాయము.

మొదట నిష్క్రియత్వమును గూర్చి. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి యని రెండుగా విభజించెను. కవికి ఉపకరించునది మొదటిది. భావకునికి ఉపకరించునది రెండవది. రెండింటిని ప్రతిభ యనియే పిలుచుట గమనింపదగినది. అభినవగుప్తుడు సహృదయుని నిర్వచించుచు, కావ్యాభ్యాసముచే నిర్మలమైన మనోదర్పణము కలిగి వర్ణితవస్తువుతో తన్మయుడు కాగల యోగ్యత యున్నవాడని తాత్పర్యము వచ్చునట్లు చెప్పెను. చెప్పబడిన మాటనుండి చెప్పబడని యర్థమునకు పోవలసినవాడు పాఠకుడే యని ధ్వనిసిద్ధాంతమంతయు ఘోషించుచున్నది. పాశ్చాత్యులలోను ఈ ఎఱుక లేకపోలేదు. 1957 ఏప్రిలులో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున మార్సెల్ డ్యూషాంప్ చేసిన ప్రసంగమున, సృజనవ్యాపారమును కళాకారుడొక్కడే నిర్వర్తింపడనియు, కృతిని వివరించుకొను ప్రేక్షకుడును తన వంతు చేర్చుననియు ప్రతిపాదించెను. ఆయన అప్పుడు చెప్పినది కదలని చిత్రములకును వర్తించు మాటయే. కావున మనస్సు యొక్క క్రియ నూతనము కాదు; నూతనమైనది శరీరము యొక్క క్రియ మాత్రమే.

ఈ భేదమును స్పష్టముగ చూపినవాడు ఇటలీ దేశీయుడైన ఉంబెర్తో ఎకో. 1962లో ప్రకటించిన 'వివృతకృతి' యను గ్రంథమున, అర్థగ్రహణమునకు సంబంధించినంతవఱకు ప్రతి కృతియు వివృతమే యని యంగీకరించుచు, కృతియొక్క నిర్మాణమునే గ్రహీత సమకూర్పవలసిన రచనలను 'చలనమందున్న కృతులు' అని వేఱు చేసెను. ష్టాక్‌హౌజెన్ 1956లో రచించిన 11వ పియానో రచన ఇట్టిది. ఒకే పెద్ద కాగితముపై 19 స్వరఖండములుండును. దృష్టి దేనిపై పడిన దానిని వాదకుడు వాయించును. అయితే ఇచట స్వేచ్ఛ నొందువాడు ఏండ్ల తరబడి శిక్షణ పొందిన వాదకుడు. అట్టి స్వేచ్ఛను దారిన వచ్చిన ప్రేక్షకునికి ఇచ్చినపుడు ఏమగును? ఇదియే మన ప్రశ్న. కొన్ని కృతులను తీసికొని చూతము.

ఫ్రెంచి రచయిత రేమండ్ కెనో 1961లో 'కోటి కోట్ల కవితలు' అను నర్థము వచ్చు పేరుతో ఒక పుస్తకము ప్రకటించెను. అందు 10 సానెట్లు కలవు. ఒక్కొక్కదానిలో 14 పాదములు. ప్రతి పుటయు పాదమున కొకటి చొప్పున పట్టీలుగా కత్తిరింపబడినది. పదింటికిని అంత్యప్రాసలు సమానమగుటచే ఏ పట్టీని దేనితో చేర్చినను సానెట్టు ఏర్పడును. ఒక్కొక్క పాదమునకు 10 అవకాశములుండుటచే మొత్తము కోటి కోట్లు సిద్ధించును. నిమిషమున కొకటి చొప్పున రాత్రింబగళ్లు చదివినను సుమారు 19 కోట్ల సంవత్సరములు పట్టును. పాఠకుని చేతికి ఇంతటి సంపద నిచ్చిన పుస్తకము మఱొకటి యరుదు. కాని ఆ చేయి చేయునదేమి? ఏ పట్టీ తిప్పినను ఛందస్సు చెడదు. తప్పు చేయుటకు వీలే లేదు. మన చక్రబంధ పద్మబంధములయందు చదువరి కన్ను పోవలసిన మార్గమొక్కటే. తప్పినచో పద్యము దొరకదు. కెనో పుస్తకమున మార్గములు కోటి కోట్లు. ఏదియు తప్పు కాదు. మొదటిదానిలో చదువరికి స్వేచ్ఛ లేదు. రెండవదానిలో బాధ్యత లేదు. రెండింటను కర్తృత్వము కవియందే నిలిచియున్నది. కెనో కూర్పును చూచి మనము పొందు ఆశ్చర్యము, తిప్పుచున్న మన చేతిపైన కాక, అన్ని సంధులను ముందే ఊహించిన యాయన బుద్ధిపైననే.

డిజిటల్ కృతులలో జెఫ్రీ షా, డిర్క్ గ్రూనెవెల్డ్ అనువారితో కలిసి నిర్మించిన 'చదువదగిన నగరము' ప్రసిద్ధమైనది. 1989లో మన్‌హటన్ నగరభాగమును, తరువాత ఆమ్‌స్టర్‌డామ్, కార్ల్స్‌రూ నగరములను ఇట్లు రూపొందించిరి. ప్రేక్షకుడు కదలని సైకిలుపై కూర్చుండి త్రొక్కును. ఎదుట తెరపై వీథులు కదలును. వీథుల కిరువైపుల భవనములకు బదులు పెద్ద పెద్ద అక్షరములు, వానితో ఏర్పడిన వాక్యములు నిలిచియుండును. మలుపు తిరిగినచో ఒక కథ విడిచి మఱొక కథలో ప్రవేశింతుము. ఇచట చదువుట ప్రయాణమైనది. వేగము హెచ్చినచో అక్షరము అందదు, తగ్గినచో వాక్యము సాగదు. శరీరశ్రమకును అర్థగ్రహణమునకును ఇట్టి సంబంధము పుస్తకమున లేదు. ఇది ఘనమైన కల్పన. అయినను వేయిమంది త్రొక్కిపోయిన పిమ్మట ఆ నగరమున ఒక్క యక్షరమైనను మాఱదు. ప్రేక్షకుడిచట బాటసారి, పాఠకుడు, సహకర్త కాడు. అట్లనుటచే కృతికి లోపము రాదు. లోపము 'సహకర్త' యను మాటను చౌకగా వాడుటలో నున్నది.

కామిల్ అటర్‌బాక్, రోమీ అకితూవ్ 1999లో నిర్మించిన 'అక్షరవర్షము' మఱొక మెట్టు. తెరపై ప్రేక్షకుని ప్రతిబింబము కనబడును. పైనుండి అక్షరములు వానవలె రాలి, ఆ ప్రతిబింబముయొక్క తలపైన, చాచిన చేతులపైన నిలుచును. చేయి తీసిన మరల క్రిందికి జారును. చేతులు చాచి ఓపికతో నిలిచిన వారికి, రాలిన యక్షరములు కూడి ఒక కవితలోని మాటలై కనబడును. ఒక్కరి చేతులు చాలనపుడు ఇద్దఱు ముగ్గురు కలిసి పట్టుకొనవచ్చును. చిన్నపిల్లలు అక్షరములను ఎగురవేసి యాడుకొందురు. చదువనెంచినవాడు కదలక నిలుచును. ఒకే కృతియందు హస్తవ్యాపారమును మనోవ్యాపారమును వేఱువేఱుగ చూపి, అవి కూడుటకు ఓర్పు అవసరమని తెలుపుట దీని విశేషము. చేయి కదపుట సుకరము, చేయి నిలుపుట కష్టమని యిది బోధించుచున్నది.

రఫాయెల్ లొసానో-హెమ్మర్ 2006లో మెక్సికో దేశమున తొలుత ప్రదర్శించిన 'నాడీమందిరము' మా విచారణలో కీలకమైనది. ఒక గదిలో విద్యుద్దీపములు వరుసలుగా వ్రేలాడుచుండును. ప్రేక్షకుడు ఒక చివరనున్న పిడులను పట్టుకొనగా, ఆతని నాడి ననుసరించి ఒక దీపము వెలిగి యాఱుచుండును. చేతులు విడువగానే దీపములన్నియు క్షణకాలము ఆఱిపోవును. పిమ్మట ఆతని నాడి వరుసలోని మొదటి దీపమును చేరును. అంతకుముందున్న నాడులన్నియు ఒక్కొక్క స్థానము జరుగును. చిట్టచివరిది గదినుండి తొలగిపోవును. ఇచట ప్రేక్షకుడు కృతిలో నిజముగ ఒక గుర్తు విడిచిపోవుచున్నాడు. ఆ గుర్తు మఱొకని గుర్తును త్రోసివేయుచున్నది. రేపు తానును త్రోయబడును. జీవితముయొక్క యస్థిరత్వమును గూర్చి అందు ఒక్క వాక్యమైనను వ్రాయబడలేదు. ప్రేక్షకుడు చేయు పనినుండియే ఆ యర్థము స్ఫురించుచున్నది. దీనిని క్రియాధ్వని యనుటకు మేము వెనుదీయము. అయినను ఒక్క సంగతి మఱువరాదు. ప్రేక్షకుడిచ్చినది తన నాడినే కాని తన నిర్ణయమును కాదు. భాగము గలవాడగుట వేఱు, కర్త యగుట వేఱు.

ప్రేక్షకుడు సహకర్త యగుట అసాధ్యమా? కాదు. దానికి కావలసిన నియమము లెట్టివో తెలియుటకు మన యవధానము సాయపడును. అవధానమునకు ఈ డిజిటల్ కళలతో చారిత్రకసంబంధ మేదియు లేదు. పోలికకొఱకే మేము దానిని స్మరించుచున్నాము. నిషిద్ధాక్షరిని చూడుడు. అవధాని 'శ్రీ' యని యారంభించెననుకొందము. 'శ్రీరామ' యని పోవునని యూహించి పృచ్ఛకుడు రేఫమును నిషేధించును. అవధాని 'శ్రీజానకి' వైపు మరలి జకారమును వేయును. పృచ్ఛకుడు మరల నకారముపై కన్ను వేయును. ఎదుటివాడు ఏ పదమును సాధింపబోవుచున్నాడో ఊహింపలేనివాని నిషేధము వ్యర్థము. కాన పృచ్ఛకునికి ఛందోవ్యాకరణములు తెలియవలెను. ఇది మొదటి నియమము: పాల్గొనువానికి అధికార ముండవలెను. అవధాని ఓడిపోవుటకు వీలుండవలెను. పృచ్ఛకుడు నవ్వులపాలగుటకును వీలుండవలెను. ఇది రెండవది: తప్పునకు తావుండవలెను. పృచ్ఛకుని ప్రతి నిషేధమును పద్యమును మార్చును. ఆ మార్పు ధారణవఱకు నిలిచియుండును. ఇది మూడవది: చర్యకు చెఱగని ఫలముండవలెను. కెనో పుస్తకమున రెండవది లేదు. షా నగరమున మూడవది లేదు. నాడీమందిరమున మూడవది కలదు, మొదటి రెండును లేవు. ఈ మూడును కూడిన చోటనే సహకర్తృత్వ మను మాట సార్థకము.

ఇచట విద్యార్థి పక్షమున ఒక ప్రత్యాక్షేపము రావచ్చును. అధికారము కావలెనన్నచో ఈ కళ ప్రజాస్వామిక మెట్లగును? ఈ ప్రశ్న న్యాయమైనది. శిక్షణ లేనివానికిని నాడి కలదు; చిన్నపిల్లవానికిని అక్షరవర్షమున తడియు హక్కు కలదు. ఈ ప్రవేశసౌలభ్యము గొప్ప గుణమే. మన యవధానసభలలో పృచ్ఛకస్థానము ఎల్లరకు లభించినది కాదు. కాని ద్వారము విశాలమగుటయు, లోన ప్రవేశించినవానికి కర్తృత్వము లభించుటయు ఒకటి కావు. మొదటిదానిని చూపి రెండవది సిద్ధించినదనుట ప్రేక్షకుని గౌరవించుట కాదు. ఆతనికి ఇయ్యనిదానిని ఇచ్చితిమని చెప్పుట యగును.

ఇక ఔన్నత్యమును గూర్చి. అవధానమున పరస్పరక్రియ ఎంత తీవ్రమైనను, అందు పుట్టిన ప్రతి పద్యమును ఉత్తమకావ్యమని ఎవరును అనలేదు. మమ్మటుడు వ్యంగ్యప్రాధాన్యము లేని చిత్రకావ్యమును అవరమని తృతీయస్థానమున నుంచెను; ఆనందవర్ధనుడు దానిని కావ్యానుకరణముగ తలచెను. కొందఱు ఈ తీర్పును పట్టుకొని డిజిటల్ కళనంతటిని యంత్రచిత్రమని త్రోసివేయవచ్చును. అదియును తొందరపాటే. ఆలంకారికులు ఆక్షేపించినది నిర్మాణచాతుర్యమును కాదు. రసధ్వనులపై దృష్టి లేక చాతుర్యమే ప్రయోజనమగుటను. పింగళి సూరన రాఘవపాండవీయమున రెండర్థములు నడుపుచునే కథను నడిపెను. కావున ప్రమాణ మొక్కటే: ప్రేక్షకునిచే చేయింపబడిన పని ఏదైన యర్థమును వ్యంజించుచున్నదా? చేయి ఊపగానే రంగులు మాఱుటతో ముగియునది చిత్రము. చేయి విడువగానే ఒకని నాడి మఱొకని నాడిని తొలగించుట ధ్వని.

పరిశోధకులకు చెప్పవలసిన మాట యింకొకటి కలదు. అవధానపద్యములను అచ్చు వేయునపుడు పద్యము మిగిలి నిషేధములు నశించుచు వచ్చినవి. అందుచే సంవాదమున సగమే మనకు దక్కినది. డిజిటల్ కృతుల గతి ఇంతకంటె దుర్బలము. అడోబీ సంస్థ తన ఫ్లాష్ ప్లేయర్ అను సాధనమునకు 2020 డిసెంబరు 31తో పోషణ నిలిపివేయగా, దానిపై నాధారపడిన అసంఖ్యాకమైన కృతులు సాధారణపద్ధతిని తెఱవరానివైనవి; కొన్నింటిని మాత్రము అనుకరణసాధనములచే మరల నడుపుచున్నారు. కావున ఇట్టి కృతిపై వ్రాయువారు తాము చూచిన రూపమేది, ఏ యంత్రముపై చూచిరి, తామేమి చేసిరి, అది యెట్లు బదులిచ్చెను, ఎంతసేపు గడిపిరి అను వివరములను వ్యాసమునందే పొందుపఱుపవలెను. ప్రాచీనకృతికి పాఠపరిష్కరణ మెట్టిదో ఈ కృతికి ఈ నివేదిక యట్టిది. అది లేనిచో పరీక్షకుడు విమర్శకుని మాటను నమ్మవలసినదే కాని పరిశీలించుటకు వీలుండదు.

మా విద్యార్థి ఎంచుకొన్న విషయము పరిశోధనార్హమే యని మేము నిశ్చయముగ చెప్పుచున్నాము. కళాకృతిని పరీక్షించుటకు వారు మూడు ప్రశ్నలను ముందుంచుకొందురు గాక: కృతి ప్రేక్షకునిచే ఏమి చేయించుచున్నది? ఆ చర్యచే కృతిలో ఏమి మాఱుచున్నది? ఆ మార్పు ఏ యర్థమును స్ఫురింపజేయుచున్నది? మొదటి ప్రశ్నకే తృప్తి చెందిన విమర్శ యంత్రవర్ణనము. రెండవదానివఱకు పోయినది లక్షణకథనము. మూడవదానికి సమాధానము చెప్పగలిగినదే సాహిత్యవిమర్శ.